ప్రెసిషన్, జాజ్, బ్యాటరీ బేస్: ఒంగోల్లో తొమ్మిదేళ్ళు వాయించాక

ఆదివారం చర్చి, ముహూర్తాలప్పుడు పెళ్ళి ఆర్కెస్ట్రా, నెల్లూరు నుంచి పిలుపొస్తే గిటార్ భుజానేసుకుని రైలెక్కడం. తొమ్మిదేళ్ళుగా నా బేస్ గిటార్ (పాటకి కింది స్వరాలు పట్టే లావు తీగల గిటార్) వాయింపు ఇదే. ఇన్నేళ్ళలో మూడు కొన్నా: ఒకటి ప్రెసిషన్ రకం, ఒకటి జాజ్ రకం, ఇంకోటి బ్యాటరీతో నడిచే యాక్టివ్. ఏదీ అసలు ఫెండర్ (ప్రెసిషన్, జాజ్ మోడళ్ళు తెచ్చిన అమెరికా కంపెనీ) కాదు, ఆ అచ్చులో చేసే చవక రకాలే, ముందే చెప్పేస్తున్నా.

మనసుపడి కొన్నది జాజ్. మెడ నట్ దగ్గర, అంటే తీగలు తల వైపు ఆనే చోట, వెడల్పు 38 మిల్లీమీటర్లే, నాలాంటి చిన్న చేతులవాళ్ళకు హాయి. రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కోదానికి ఒకే వైరు చుట్ట), దేని వాల్యూమ్ దానిది. బ్రిడ్జ్ (తీగల కింది కొస బిగించే చోటు) దగ్గరిది ఒక్కటే పెడితే గుర్రుమంటుంది, రాత్రిపూట హెడ్‌ఫోన్‌లో వింటుంటే నిద్ర రాదు. చిక్కంతా హమ్‌తోనే, అంటే చుట్టూ ఉన్న కరెంటు వల్ల వచ్చే రొదతో. ఒక పికప్ చుట్టు, అయస్కాంతం రెండోదానికి తిరగేసి ఉంటాయి కాబట్టి రెండూ ఫుల్‌లో పెడితే ఒకదాని హమ్‌ను ఇంకోటి కొట్టేస్తుంది. కానీ నాకు నచ్చే గొంతు మెడ వైపున్న నెక్ పికప్‌ను కాస్త తగ్గిస్తేనే వస్తుంది, తగ్గించిన వెంటనే హమ్ మొదలు. మన మండపాల సంగతి తెలిసిందేగా, సీరియల్ లైట్లు, జనరేటర్, ఎర్త్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. చర్చిలో ఒకసారి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే అంతా నిశ్శబ్దం, నా ఆంప్ మాత్రం జ్‌జ్‌జ్ అంటోంది. బ్రిడ్జ్‌కి ఎర్త్ వైరు ఉంటుంది కదా, తీగల మీద చెయ్యి వేస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ప్రార్థన అయ్యేదాకా తల వంచుకుని తీగలు పట్టుకునే నిలబడ్డా. భక్తి అనుకున్నారు.

పోనీ రెండూ ఫుల్‌లోనే వాయిద్దామంటే మధ్య స్వరం పల్చబడుతుంది, కీబోర్డు అతను ఎడంచేత్తో కింది స్వరాలు నొక్కాడంటే ఇక నేను లేనట్టే.

ఆ కోపంలోనే యాక్టివ్ కొన్నా. బేస్, ట్రెబుల్ రెండూ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, హమ్ లేదు, షాపులో వింటే గుండె అదిరింది. హాల్లో మాత్రం ఆ బేస్ నాబ్ పెంచితే వచ్చేది బురదే. లావు తీగ విడిగా మీటితే 41 హెర్ట్జ్, మన చర్చిల్లో గోడకి కొట్టే బాక్సులు అంత కిందికి దిగవు, ఎంత పెంచినా స్పీకర్ కోను కొట్టుకోవడమే తప్ప స్వరం రాదు. పైగా కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది, వాల్యూమ్ సున్నాలో ఉన్నా సరే. క్రిస్మస్ ముందు ప్రాక్టీసు అయ్యాక కేబుల్ పీకకుండా వదిలేశా. మర్నాడు రాత్రి రెండో పాటకి గొంతు బొంగురుపోయింది, మూడో పాటకి చచ్చింది. నాదాంట్లో బ్యాటరీ లేకుండా వాయించే స్విచ్ కూడా లేదు. ఆ టైములో 9 వోల్ట్ బ్యాటరీ ఎవడిస్తాడు, సోలో పాడాల్సిన అక్క చేతిలో కార్డ్‌లెస్ మైక్ తీసుకుని దాంట్లోది పీకి పెట్టుకున్నా. ఆమె వైరు మైక్‌తో పాడింది, ఇప్పటికీ దెప్పుతుంది.

చివరికి భుజాన నిలిచింది మొదట కొన్న ప్రెసిషనే, ముసలి డిజైను అని మూలన పడేసింది. 1951లో వచ్చినప్పుడు దానికీ సింగిల్ కాయిలే, 1957లో పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒకటి రెండు తీగలకి, ఒకటి రెండు తీగలకి పెట్టి ఎదురెదురుగా కలిపారు, అందుకే ఏ నాబ్ ఎక్కడున్నా హమ్ లేదు. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతే. ఆ టోన్ దేన్నీ పెంచదు, పై స్వరాలను కెపాసిటర్ గుండా ఎర్త్‌లోకి వదిలేస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. అయినా మెలోడీకి మూసేసి, ఫాస్ట్ పాటకి సగం తెరిచి, అన్నీ దాంతోనే లాగిస్తున్నా. మధ్య స్వరం గట్టిగా ఉంటుంది కాబట్టి చిన్న బాక్సుల్లోంచి కూడా బయటికి వస్తుంది. మొదటి పెళ్ళిలోనే మిక్సర్ దగ్గరున్న కుర్రాడు అరిచాడు, "ఏందన్నా, ఈరోజు నీది వినపడతా ఉందే!" అని.

లోపాలు లేవని కాదు. మెడ లావు, మొదటి ఫ్రెట్ దగ్గర నాలుగు గంటలు వాయిస్తే మణికట్టు లాగేస్తుంది. మా ఇల్లు కొత్తపట్నం వైపు, ఉప్పుగాలికి నాబులు కరకరమంటాయి, ఆర్నెల్లకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాల్సిందే. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ ఇదే రకం ప్రెసిషన్ మీద తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు, ఆయనవి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, మా దగ్గర గరుకు రౌండ్‌వౌండ్‌ తీగలతో ఆ పని చేస్తే చిలుముకి వేళ్ళు చీరుకుపోతాయి.

జాజ్ రాత్రిళ్ళు హెడ్‌ఫోన్‌కే అంకితం, దాన్ని అమ్మను. యాక్టివ్‌ని మాత్రం అమ్మేద్దామనుకుంటున్నా, దాంట్లో ఉన్నది ఇప్పటికీ అక్క మైక్ బ్యాటరీయే.