కడియపులంక నర్సరీలో కొన్న కొత్తపల్లి కొబ్బరి అంటు

రాజమహేంద్రవరం దాటాక జాతీయ రహదారికి ఇరువైపులా కడియం, కడియపులంక పరిసరాల్లో ఉన్న నర్సరీల గురించి పూల మొక్కలు, అలంకరణ మొక్కలు కొన్నవారు చాలామందే రాశారు. నేను రాస్తున్నది ఒకే ఒక్క మామిడి అంటు గురించి. పండ్ల మొక్క మంచిచెడ్డలు కాపు చూశాకే చెప్పగలం కనుక, ఈ సమీక్ష రాయడానికి ఇన్నేళ్లు ఆగాను.

మేము కొన్న కొత్తపల్లి కొబ్బరి, పేరులో కొబ్బరి ఉన్నా, గోదావరి జిల్లాల వారు ఆవకాయ కోసం వెతికి కొనే మామిడి రకం. రోడ్డుకు ఆనుకుని ఉన్న నర్సరీలలో మనిషి ఎత్తున, పిందెలతో సహా నిలబెట్టిన అంట్లు కనిపించాయి. లోపలికి, కాలువ గట్టు వైపు వెళితే ఒక చిన్న నర్సరీ పెద్దాయన మాత్రం మోకాలెత్తు మొక్కను ఎంచి ఇచ్చారు. సంచి అడుగున వేళ్లు చుట్టలు తిరగలేదని చూపించారు. అంటు కట్టిన చోట పైకొమ్మా కింది కాండమూ ఒకే లావున కలిసిపోయాయని మా చేత తడిమించారు. ఆ అతుకు మట్టిలో కూరుకుపోకుండా నాటమని, దాని కింద నుంచి వచ్చే చిగురు టెంక మొక్కది కనుక ఎప్పటికప్పుడు గిల్లేయమని చెప్పి, చివరగా "మూడేళ్ల దాకా పూత వస్తే తుంచేయండమ్మా, కాయ మీద ఆశపడితే చెట్టు నిలబడదండి" అన్నారు. డబ్బు చేతికి అందాక కూడా అంత శ్రద్ధగా చెప్పే వ్యాపారులు అరుదు.

చెప్పినంత సులువు కాదు ఆ పని. అంటు కొమ్మను కాపు కాస్తున్న తల్లి చెట్టు నుంచి తీస్తారు కాబట్టి, వేరూ కాండమూ బలపడక ముందే అది పూతకు వస్తుంది. లేత గులాబీ రంగు కాడ మీద విచ్చుకుంటున్న పూగుత్తిని గోటితో తుంచుతుంటే జిగట వేళ్లకు అంటుకునేది, మనసు ఒప్పుకునేది కాదు. పైగా మామిడి ఎప్పుడూ ఒకే తీరుగా పెరగదు. రాగి రంగు చిగుళ్లు ఒక్కసారిగా వచ్చి, వేలాడి, పచ్చబడి, ఆ తరువాత నెలల తరబడి కొత్త ఆకు ఒక్కటైనా కనిపించదు.

అవే రోజుల్లో మా చిన్నబాబుకు మాటలు రాక మేము ఎదురుచూస్తున్నాము. చికిత్స చేయిస్తున్నాము, ప్రార్థన చేస్తున్నాము, తోటి పిల్లలతో పోల్చుకుని కుమిలిపోతున్నాము. లేవీయకాండము 19వ అధ్యాయంలో, కొత్త దేశంలో నాటిన చెట్టు ఫలాలను మూడేళ్లు తినకూడదని, నాలుగో ఏటి పంట దేవునికి ప్రతిష్ఠితమని, ఐదో ఏట తినవచ్చని ఉంది. ఎన్నోసార్లు పైపైన చదివి దాటేసిన ఆ వచనాలు నర్సరీ పెద్దాయన మాట విన్నాక నన్ను ఆపాయి. ఫలం ఇచ్చే దేవుడే ఆ మూడేళ్లనూ నిర్ణయించాడు. ఆ ఏళ్లలో చెట్టును మరిచిపోయాడని అనుకోవడానికి అక్కడ ఒక్క మాటా లేదు. ఆ తరువాత నా ప్రార్థనలో "ఎప్పుడు" అన్న ప్రశ్న తగ్గింది. బాబుకు మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇప్పటికీ తడుముకుంటూనే మాట్లాడతాడు, నేనిప్పుడు తొందరపెట్టకుండా వింటాను.

నాలుగో ఏటి కాయలను ఆదివారం ఆరాధనలో కానుకగా ఇచ్చాము. మరుసటి ఏడు కాపు పలచబడింది. ఏడాది విడిచి ఏడాది కాయడం మామిడిలో మామూలే కనుక దానిని నర్సరీ లోపంగా లెక్కించను. రకం చెప్పినదే వచ్చింది. ఆవకాయ ముక్క ఏడాది తిరిగినా మెత్తబడలేదు.

లోపాలూ ఉన్నాయి. మొక్కకు రకం పేరున్న చీటీ కట్టలేదు, రసీదు అడిగితేనే రాసిచ్చారు. వేరే రకం అంటగట్టినా అది బయటపడేది ఏళ్ల తరువాతే కాబట్టి ఈ కొనుగోలంతా నమ్మకం మీదే నడుస్తుంది. అదే రోజు రోడ్డు పక్కన మరొక చోట, కాయలు చూసి ముచ్చటపడి కొన్న సపోటా మొక్క వేళ్లు సంచిలోనే చుట్టుకుపోయి ఉండడంతో మొదటి వేసవికే ఎండిపోయింది.

వెళ్లదలచినవారు తొలకరి పడ్డాక వెళ్లండి. కాయలున్న మొక్క అడగకండి. వేరు చూపించమని, అంటు కొమ్మ ఏ తల్లి చెట్టుదో చెప్పమని అడగండి. రకం పేరు రసీదు మీద రాయించుకోండి.