ఏసీలో 'గ్యాస్ అయిపోయింది' అనగానే డబ్బులు ఇచ్చేయకండి, ముందు ఫిల్టర్ తీయించండి

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు, ఇలా సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఉండేవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అమ్మానాన్నలను ఊళ్ళో ఉంచి వేరేచోట ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు మరీ ముఖ్యంగా. ఏసీ చల్లబడటం లేదని పిలిస్తే, వచ్చిన మనిషి లోపలి యూనిట్ మూత కూడా ఎత్తకుండా గ్యాస్ అయిపోయిందని చెప్తే, అతన్ని అక్కడే ఆపండి. మా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఇదే మాట చెప్పి వేలకు వేలు పట్టుకెళ్ళారు. పైగా బాగున్న మెషీన్‌ని పాడుచేసి వెళ్ళారు.

మా పిన్ని, బాబాయి ఉండేది విశాఖలో జ్ఞానాపురం వైపు. పోర్టు పక్కన కాబట్టి ఆ వీధుల్లో బొగ్గు దుమ్ము సంగతి అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రం నడిస్తే అరికాళ్ళు నల్లబడతాయి. బాబాయికి ఆయాసం ఉంది. ఉక్కపోతకి రాత్రుళ్ళు నిద్రపట్టక అవస్థ పడుతుంటే పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ పెట్టించాం. ఈ మే నెలలో అది చల్లదనం తగ్గించింది. పిన్ని రిమోట్‌లో 24 నుంచి 18కి దించింది. అయినా లాభం లేదు, పైగా లోపలి యూనిట్ నుంచి మంచం మీదకి నీళ్ళు కారడం మొదలైంది. ఇంటర్నెట్‌లో వెతికితే కంపెనీ పేరుతో 'ఆథరైజ్డ్ సర్వీస్' అని ఒక నంబర్ దొరికింది. అది కంపెనీ నంబర్ కాదని తర్వాత తెలిసింది. ఏసీ కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలోనూ, వారంటీ కార్డు మీదా అసలు నంబర్ వేరే ఉంది.

వచ్చినతను నేరుగా బయటి యూనిట్ దగ్గరికి వెళ్ళి గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ తగిలించాడు. "అమ్మా, గ్యాస్ బొత్తిగా లేదు. ఇలాగే నడిపితే కంప్రెసర్ కాలిపోతుంది" అన్నాడట. కంప్రెసర్ అంటే ఎంత ఖర్చో తెలిసిన ఏ ఇంటివాళ్ళకైనా ఆ మాటకి గుండె జారుతుంది. గ్యాస్ ఎక్కించాడు. బాబాయి ఇన్‌హేలర్ బల్ల మీద కనబడితే, "సార్‌కి దుమ్ము పడదు కదా, ఈ పీఎం 2.5 (కంటికి కనబడని సన్నటి దుమ్ము) ఫిల్టర్ వేయిస్తే గాలి శుభ్రంగా వస్తుంది" అని తెల్లటి దళసరి షీట్లు రెండు తీసి, దుమ్ము ఆపే జాలీ ఫిల్టర్ మీద అడ్డంగా అతికించి దానికి వేరే డబ్బులు తీసుకున్నాడు. కింద ఉన్న జాలీని కడగలేదు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. అది ఇప్పటిదాకా రాలేదు. రోగం ఉన్న మనిషిని చూపించి ఆ ఇంట్లోవాళ్ళకే అమ్మడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

ఆ రాత్రి ఏసీ బాగా చల్లబడింది. అందుకే పిన్ని నాకు ఫోన్ చేసి, మనిషి మంచివాడే, పని తెలిసినవాడని చెప్పింది. మోసం దాగి ఉన్నది ఇక్కడే. మర్నాటికి మళ్ళీ అదే తంతు, నీళ్ళు ఇంకా ఎక్కువ కారాయి. తర్వాత ఏసీ నడుస్తూ నడుస్తూ కాసేపటికొకసారి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వీధి చివర ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. నేను వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చాను. ఆయన మొదట చేసిన పని లోపలి యూనిట్ మూత ఎత్తడం. షీట్లు తీసి, జాలీ బయటికి లాగితే వెలుగులో పెట్టి చూసినా అవతలి వైపు కనబడలేదు. బొగ్గు దుమ్ము, తేమ కలిసి నల్లటి అట్ట కట్టేసింది. వెనక కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి ఉంది. ఆయన దగ్గరుండి చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను. ఈ సంగతి అర్థమైతే ఎవరూ మిమ్మల్ని భయపెట్టలేరు.

ఏసీ గదిలో గాలినే మళ్ళీ మళ్ళీ లోపలికి లాక్కుని, చల్లటి కాయిల్ మీదుగా పంపి బయటికి వదులుతుంది. జాలీ మూసుకుపోతే కాయిల్ మీదకి చాలినంత గాలి చేరదు. వేడి అందని కాయిల్ మరీ చల్లబడి సున్నా డిగ్రీల కిందికి పోతుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తేమంతా దాని మీద మంచుగా పేరుకుంటుంది. మంచు పేరుకున్న కొద్దీ గాలి ఇంకా తగ్గుతుంది. ఏసీ ఆపాక ఆ మంచు కరిగి, ట్రేలో పట్టక గోడ మీదా మంచం మీదా పడుతుంది. అంటే చల్లదనం తగ్గడం, నీళ్ళు కారడం, కరెంటు బిల్లు పెరగడం, ఈ మూడూ ఒక్క మూసుకుపోయిన జాలీ వల్లే రావచ్చు. అలాంటప్పుడు రిమోట్‌లో డిగ్రీలు దించితే కంప్రెసర్ ఆగకుండా నడిచి మంచు మరింత పెరుగుతుంది తప్ప గది చల్లబడదు.

మరి ఆ రాత్రి ఎందుకు చల్లబడింది? గ్యాస్ పని పేరుతో ఏసీ ఆపి ఉంచినంతసేపూ లోపల కాయిల్ మీద మంచు కరిగే వ్యవధి దొరికింది. మంచు పోయిన కాయిల్ మీదుగా ఉన్న కాస్త గాలీ వెళ్తే కొన్ని గంటలు చల్లగానే అనిపిస్తుంది. మెకానిక్ వెళ్ళిపోవడానికి ఆ వ్యవధి చాలు.

గేజ్ విషయం ఇంకా ముఖ్యం, ఎందుకంటే చాలామంది ఆ ముల్లు చూసే నమ్మేస్తారు. కాయిల్ మీద గాలి ఆడకపోతే గ్యాస్ నిండుగా ఉన్నా ప్రెషర్ తక్కువ చూపిస్తుంది. అంటే మురికి ఫిల్టర్ ఉన్న ఏసీకి గేజ్ పెడితే ముల్లు చాలాసార్లు 'గ్యాస్ తక్కువ' అన్నట్టే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి ఏదీ తేల్చలేం. పెద్దాయన ఇది నాకు కళ్ళారా చూపించారు. పని అంతా అయ్యాక, అతను అతికించిన ఆ షీట్లనే మళ్ళీ అడ్డంగా పెట్టి నడిపించారు. చూస్తుండగానే ముల్లు కిందికి దిగింది. షీట్లు తీసేశాక మళ్ళీ పైకి వచ్చింది. గ్యాస్ అదే, మెషీన్ అదే.

గ్యాస్ అనేది పెట్రోల్‌లాగా వాడితే తరిగేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండాలి. లీకు ఉన్నచోట సాధారణంగా నూనె మరక కనబడుతుంది, సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి. సముద్రపు ఉప్పు గాలికి గొట్టాలు తినేసి నిజంగా లీకయ్యే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి, కాదనను. కానీ లీకు చూపించకుండా, దాన్ని పూడ్చకుండా గ్యాస్ మాత్రం ఎక్కించేవాడు రెండింటిలో ఒకటి చేస్తున్నట్టే: లీకు ఉంటే మళ్ళీ పోయే గ్యాస్‌కి డబ్బు తీసుకుంటున్నాడు, లేకపోతే నిండుగా ఉన్నదాన్ని పొంగిస్తున్నాడు.

మా ఇంట్లో జరిగింది రెండోది. జాలీ, కాయిల్ కడిగాక గాలి మామూలుగా ఆడేసరికి గ్యాస్ ఎక్కువైన సంగతి బయటపడింది. క్లాంప్ మీటర్ పెడితే లేబుల్ మీద ఉన్నదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతోంది, ప్రెషర్ పెరిగి ఏసీ తనంతట తానే ఆగిపోతోంది. పెద్దాయన ఆ గ్యాస్‌ని వేరే సిలిండర్‌లోకి తీసి, వాక్యూమ్ పంపుతో గొట్టాలు ఖాళీ చేసి, డిజిటల్ కాటా మీద సిలిండర్ పెట్టి లేబుల్‌లో రాసి ఉన్న బరువు ప్రకారమే నింపారు. వాక్యూమ్ పెట్టడం చాలామంది ఎగ్గొడతారట. మన తేమ గాలి గొట్టాల్లోకి చేరితే కంప్రెసర్ నూనె పాడవుతుంది కాబట్టి అది తప్పించకూడని పని. ఆయనకి ఇచ్చింది న్యాయమైన ఖర్చే. కానీ మొదట జాలీ కడిగి ఉంటే ఆ రెండు ఖర్చుల్లో ఏదీ అక్కర్లేదు.

ఇక జాలీ సంగతి. కంపెనీ పుస్తకాల్లో సాధారణంగా రెండు వారాలకోసారి కడగమని ఉంటుంది. పోర్టు పక్క, మెయిన్ రోడ్డు పక్క ఉన్నవాళ్ళు, ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవాళ్ళు వారానికోసారి మూత ఎత్తి చూడండి. మెయిన్ స్విచ్ ఆపి, జాలీ తీసి, దుమ్ము పట్టిన వైపుకి వెనక నుంచి కుళాయి నీళ్ళు పడేలా కడిగితే మురికి బయటికి పోతుంది. జిడ్డు ఉంటే కాస్త సబ్బు నీళ్ళు చాలు. వేడినీళ్ళు వద్దు, ఎండలో పెట్టొద్దు, ప్లాస్టిక్ వంకర తిరిగి మళ్ళీ సరిగ్గా కూర్చోదు. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి, తడిగా పెడితే ముక్కిన వాసన, బూజు. కాయిల్ రేకులు మాత్రం ముట్టుకోకండి, వేళ్ళు కోసుకుపోతాయి. ఆరేలోపు ఉక్కపోస్తోందని జాలీ లేకుండా నడపడం కూడా వద్దు. దుమ్ము నేరుగా తడి కాయిల్‌కి అంటుకుంటే దాన్ని వదిలించడానికి నీళ్ళు జోరుగా కొట్టి కడిగే జెట్ సర్వీస్ తప్ప దారి ఉండదు.

షోరూముల్లో 'సెల్ఫ్ క్లీన్ ఉంది, మీరేం కడగక్కర్లేదు' అంటారు. చాలా ఏసీల్లో అది చేసేది ఫ్యాన్ తిప్పి కాయిల్ ఆరబెట్టడం, లేదా కాయిల్ మీద మంచు పట్టించి కరిగించడం. జాలీ మీద దుమ్ము అలాగే ఉంటుంది. ఫిల్టర్ లైటు కూడా చాలా మోడళ్ళలో గంటలు లెక్కపెట్టి వెలుగుతుందంతే, దుమ్ము ఎంత పట్టిందో దానికి తెలియదు.

జాలీ చిరిగితే తప్ప మార్చక్కర్లేదు. కొన్ని మోడళ్ళలో దానిమీద కార్బన్‌ది, పీఎం 2.5ది చిన్న పట్టీలు కంపెనీయే ఇస్తుంది. వాటిలో కొన్ని కడగడానికి పనికిరావు, పుస్తకంలో చెప్పిన గడువుకి మార్చాలి. అవి కొనేటప్పుడు మోడల్ నంబర్ చెప్పి అదే మోడల్‌వి అడగండి. ఏ ఏసీకైనా సరిపోతుందని కత్తిరించి అతికించే షీట్లు కొనొద్దు. స్ప్లిట్ ఏసీ బ్లోయర్‌కి అంత దళసరి షీట్లోంచి గాలి లాగే బలం ఉండదు. ఆయాసం ఉన్నవాళ్ళకి దుమ్ము తగ్గాలంటే గదికి వేరే ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకోవడం మేలు.

అమెరికాలో హ్యూస్టన్, టాంపా లాంటి ఉక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళకి పద్ధతి వేరు. అక్కడ చాలా ఇళ్ళలో ఇల్లంతటికీ ఒకటే ఏసీ, కాగితం మడతల ఫిల్టర్, కడగడం కుదరదు, ఒకటి నుంచి మూడు నెలల్లో మార్చాలి. కొలత దాని అంచు మీదే రాసి ఉంటుంది. మురికి ఫిల్టర్ తీసి కొత్తది వేస్తే ఏసీ కరెంటు వాడకం 5 నుంచి 15 శాతం తగ్గొచ్చని అక్కడి ఇంధన శాఖ చెబుతుంది. ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పట్టగలదో చెప్పే మెర్వ్ అంకె ఎక్కువ ఉంటే మంచిదని పాత సిస్టమ్‌కి మరీ దట్టమైనది వేస్తే అక్కడా ఇదే మంచు, ఇదే నీళ్ళు.

మెకానిక్‌ని పిలిచే ముందు మీరే ఒకటి చూడండి. ఏసీ నడుస్తుండగా బయట డ్రెయిన్ పైపు నుంచి నీళ్ళు పడుతున్నాయా? ఉక్కగా ఉన్న రోజున గంటకి లీటరు పైనే రావచ్చు. బయట ఆగి లోపల కారుతుంటే సమస్య జాలీలోనో, కాయిల్ మీదో, పైపులో నాచు పట్టడంలోనో ఉండే అవకాశమే ఎక్కువ. జాలీ కడిగి, ఏసీని కొన్ని గంటలు ఆపి, మంచు కరిగాక మళ్ళీ నడిపి చూడండి. అప్పటికీ చల్లబడకపోతే పిలవండి. వచ్చినతను గ్యాస్ మాట ఎత్తితే లీకు చూపించమనండి, సిలిండర్ మీద గ్యాస్ పేరు, బయటి యూనిట్ లేబుల్ మీద గ్యాస్ పేరు ఒకటేనో కాదో చూడండి, వాక్యూమ్ పంపు, కాటా తెచ్చాడా అని అడగండి. ఆ పేరు ఆర్32 అయితే అది కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్, దగ్గర్లో బీడీ, సిగరెట్ వెలిగించనివ్వకండి. ఎన్ని గ్రాములు నింపాడో బిల్లులో రాయించండి.

మేం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు వివరాలు, ఫోన్ కాల్స్ జాబితా, ఆ షీట్ల ఫొటోలు జతచేశాం. డబ్బు ఇంకా రాలేదు. మీ ఇంట్లో ఇలా జరిగి ఉంటే మీరు కూడా ఫిర్యాదు పెట్టండి. ఈలోగా ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ చేసి, వారంటీ కార్డు మీద ఉన్న అసలు నంబర్‌ని వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేయించండి.