పెరట్లో కట్టెల బాయిలర్: చవక పాతదా, ఖరీదైన కొత్తదా?

అమెరికాలో చలి రాష్ట్రాల పల్లెల వైపు ఇల్లు కొన్నవాళ్ళకి మొదటి శీతాకాలంలోనే ఇల్లు వెచ్చబెట్టే ప్రొపేన్ గ్యాస్ బిల్లు చుక్కలు చూపిస్తుంది. స్థలంలో చెట్లున్నాయి కదా, కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టుకుందాం అనిపించేది అప్పుడే. చూడ్డానికి చిన్న షెడ్డులా ఉండే బాయిలర్‌ని ఇంటికి దూరంగా పెడతారు. అందులో కాగిన నీళ్ళు భూమిలోని పైపుల్లోంచి ఇంట్లోకి వచ్చి ఇల్లు వెచ్చబెడతాయి. బూడిద, కట్టెల్లోని పురుగులు బయటే ఉండిపోతాయి.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికేది పాతరకం. దాని పొయ్యి చుట్టూ నీళ్ళే. నీళ్ళు కావలసినంత కాగగానే గాలి దారి మూసుకుంటుంది. ఇక కట్టె మండదు, మగ్గుతుంది. మన ఊళ్ళో స్నానాల బాయిలర్‌లో పచ్చికట్టె పెడితే వీధంతా పొగ కమ్మేది గుర్తుందా? ఇక్కడ రాత్రంతా అదే వరస. కాలకుండా పోయిన కట్టె సారం పొగగా పక్కింటికి, తారులాంటి మడ్డిగా పొగగొట్టానికి చేరుతుంది. ఎలాంటి కట్టె వేసినా తింటుందన్న మాట నిజమే, కానీ ఆ తిండికి హద్దుండదు.

కొత్తరకాన్ని గ్యాసిఫికేషన్ బాయిలర్ అంటారు. కట్టె నుంచి వచ్చే పొగనే రెండో గదిలో, విపరీతమైన వేడిలో మళ్ళీ మండిస్తుంది. అందుకే అదే వేడికి కట్టె తక్కువ పడుతుంది, పొగ కూడా బాగా తక్కువ. కానీ తిండి దగ్గర మహా పేచీకోరు. కట్టెలో తేమ 20 శాతం లోపే ఉండాలి. ఓక్ లాంటి గట్టి కట్టె చీల్చి పేర్చాక అంత ఎండడానికి రెండేళ్ళు పట్టవచ్చు. అంటే బాయిలర్‌కన్నా ముందు కట్టెల కుప్ప తయారవ్వాలి. తేమ చూసే మీటర్ చవకే, ముందు అది కొనండి.

ఇక రూల్స్. 2020 మే 15 నుంచి అమెరికాలో ఇళ్ళ కోసం అమ్మే కొత్త బాయిలర్లు కఠినమైన పొగ పరిమితికి లోబడాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 2011 నుంచే, పొగ పరిమితి పాటిస్తుందన్న సర్టిఫికేషన్ లేనిది బిగించకూడదు. ఇంటికి పెట్టుకునేది మీ స్థలం సరిహద్దుకు కనీసం 100 అడుగుల దూరంలో ఉండాలి, పొగగొట్టం నేల నుంచి కనీసం 18 అడుగుల ఎత్తుండాలి. చవక బేరం కుదిరాక ఇది తెలిస్తే తల పట్టుకోవాల్సిందే.

పెద్ద ఇల్లు, సొంత అడవి, రెండు పూటలా కట్టె వేసే ఓపిక ఉంటే నా ఓటు కొత్తదానికే. చిన్న ఇల్లయితే రెండూ వద్దు, హాల్లో సర్టిఫైడ్ కట్టెల స్టవ్ పెట్టుకోండి. కరెంటు పోతే బయటి బాయిలర్ నీళ్ళని ఇంట్లోకి తోసే పంపు ఆగిపోతుంది, మామూలు స్టవ్‌కి ఆ టెన్షన్ లేదు.

బయటిదే కొంటే మాత్రం వేడి బయటికి పోనివ్వని మంచి పైపుల దగ్గర పిసినారితనం వద్దు. మంచు పడ్డాక బాయిలర్ నుంచి ఇంటిదాకా గీత గీసినట్టు కరిగి ఉందంటే, మీ కట్టెలు వెచ్చబెడుతున్నది నేలని.