పట్నంబజారు సందులో దొరికిన పాత డయానా 35

ముందే చెబుతున్నా, డయానా అనే జర్మన్ కంపెనీ చేసిన ఈ 35 మోడల్ ఎయిర్ రైఫిల్, గాలి ఒత్తిడితో పెల్లెట్ (చిన్న సీసం గుండు) కొట్టేది, మందుగుండుతో పేలేది కాదు. బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంగుళం. ఆ బోరు దాటకుండా, శక్తి 20 జౌల్స్‌కు మించకుండా ఉంటే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పాయింట్ టూ టూ రైఫిల్ కావాలంటే మాత్రం లైసెన్స్ ఉండాల్సిందే, దానికి నేను చెప్పబోయే కొట్టుకు వెళ్లి లాభం లేదు.

గుంటూరు పట్నంబజారులో ఒక సందు చివర తాళాలు, కాటాలు బాగుచేసే కొట్టు అది. బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది. కోటప్పకొండ తిరునాళ్లలో బుడగలు కొట్టించేవాళ్లు తమ తుపాకులు బాగుకు తెచ్చేది ఈ కొట్టు పెద్దాయన దగ్గరికే. (ఆ తుపాకులతో బుడగ తగలకపోతే తప్పు మనదే అనుకుంటాం కదా, అక్కడ వాటి గురి చూసే సైట్లు ఎంత వంకరగా ఉన్నాయో చూశాక నా చిన్నప్పటి అవమానాలన్నీ మాఫీ అయిపోయాయి.) నేను వెళ్లింది బీరువా తాళం చెవి కోసం. గోడకు ఆనించి, దుమ్ము కొట్టుకుపోయి ఒక మడత తుపాకీ (బ్యారెల్ మడిస్తే లోపలి స్ప్రింగు బిగుసుకునే రకం) కనిపించింది. చేతిలోకి తీసుకుని గుడ్డతో తుడిస్తే బొమ్మ బయటపడింది. విల్లు పారేసి, చేత్తో తుపాకీ పైకెత్తి నిలబడ్డ వేట దేవత, డయానా వాళ్ల గుర్తు. లోపల పిస్టన్ ఆడే గొట్టం ఎడమ పక్క వెనకాల చిన్న అంకెలు: 09 68. అంటే 1968 సెప్టెంబర్‌లో జర్మనీలో తయారైంది, నాకన్నా పెద్దది.

గుండె కొంచెం వేగంగా కొట్టుకున్న మాట నిజమే కానీ మొహంలో కనపడనివ్వలేదు. ఎందుకంటే రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒకడు అసలు జర్మన్ 35 అని చెప్పి, మన దేశంలో చేసిన నకలుకు స్టిక్కర్ అంటించి నాకు 14,000కి అంటగట్టాడు. అందుకే ఈసారి ట్రిగ్గర్ భాగం విప్పి చూపించమన్నా. పెద్దాయన విసుక్కోకుండా విప్పాడు. స్ప్రింగు తోసే పిస్టన్ కడ్డీని పట్టి ఉంచే మూడు చిన్న ఉక్కు గోళీలు కనపడ్డాయి. ఆ గోళీల వల్లే ట్రిగ్గర్ అంత మెత్తగా, తెలిసీ తెలియనట్టు వదులుతుంది. నాకు అంటగట్టినదాంట్లో ఆ గోళీల్లేవు, గీసుకుపోయిన ఇనప కొక్కెం ఒకటి ఉంది.

"ధర తర్వాత, ముందు జబ్బులు విను బాబూ" అన్నాడాయన. స్ప్రింగు వంగింది, పిస్టన్ మీది తోలు వాషర్ ఎండి అప్పడంలా అయింది, బ్యారెల్ మడత దగ్గర గాలి కారుతోంది. ఎవరో పెల్లెట్ పెట్టకుండా ఖాళీగా పేల్చి పేల్చి ఆ గతి పట్టించారట. గాలికి అడ్డు లేకపోతే పిస్టన్ నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది, ఆ దెబ్బ స్ప్రింగు మీదే పడుతుంది. తుపాకీకి 5,500, కొత్త స్ప్రింగు, తోలు వాషర్లు, పని కలిపి 1,200. మొత్తం 6,700. ఈ రకానికి బయట నాకు చెప్పిన ధర 25,000కి తగ్గలేదు, కాబట్టి బేరం ఆడాలంటే నాకే సిగ్గేసింది. ఆధార్ జిరాక్స్ తీసుకుని చీటీ రాసిచ్చాడు. ఫోన్‌పే లేదు, నోట్లు తీసుకెళ్లండి.

ఇక తిట్టాల్సినవి. వారం అన్నది ఇరవై ఆరు రోజులు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తడు, వెళ్తే టీ తాగించి పంపిస్తాడు. అంతకన్నా ఘోరం, నేను అడక్కుండానే కర్రకు వార్నిష్ కొట్టాడు. యాభై ఏళ్లకు పైగా చేతులు తగిలి నిగ్గుదేలిన బీచ్ చెట్టు కర్ర, దాన్ని తీసుకెళ్లి పెళ్లి మంచంలా తళతళలాడించాడు. అది చూసి మాట రాలేదు నాకు. "మెరుస్తోందా లేదా" అని ఆయన మురిసిపోతుంటే ఏమంటాం.

పని మాత్రం పనే. మొదటి పది పన్నెండు దెబ్బలకు పొగ, కాలిన నూనె వాసన వచ్చాయి. లోపల పిస్టన్ ముందు మిగిలిన నూనె గాలి ఒత్తిడికి అంటుకోవడం వల్ల అది, డీజిల్ ఇంజన్ పద్ధతే. తర్వాత సర్దుకుంది. మేడ మీద ఇసక బస్తాల ముందు కార్డు పెట్టి, పది మీటర్ల నుంచి దిండు మీద ఆనించి కొడితే ఐదు పెల్లెట్ల చిల్లులూ పది రూపాయల బిళ్ల కిందికి వచ్చాయి. పారిస్ ఒలింపిక్స్ చూసినప్పటి నుంచి షూటింగ్ అంటూ ప్రాణం తీస్తున్న మా అమ్మాయికి నేర్చుకోవడానికి ఇది చాలు. పోటీల రైఫిల్ లక్షల్లో ఉంది, దాని సంగతి తర్వాత. ఒక్కటే హద్దు పెట్టా: బ్యారెల్ మడిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ జోలికి పోకూడదు, అది ఎగిరొచ్చి మూసుకుంటే వేళ్లు పోతాయి. పెల్లెట్లు సీసం కాబట్టి తర్వాత చేతులు సబ్బుతో కడగాలి.

నేనున్నప్పుడే ఒక కుర్రాడొచ్చి కొంగలు పడతాయా దీంతో అని అడిగాడు. పెద్దాయన తల ఎత్తకుండానే "ఉప్పలపాడు పక్షుల చెరువుకెళ్లి కళ్లతో చూడు, ఊరికే. కొట్టావంటే జైలే" అని పంపించేశాడు. వాడు వెళ్లాక కూడా చాలాసేపు గొణుక్కున్నాడు.

మీరు వెళ్తే కర్రకు వార్నిష్ వద్దని కాగితం మీద రాసి తుపాకీకి కట్టి ఇవ్వండి. నోటితో చెబితే సరేనంటాడు, కొట్టేస్తాడు.