బస్సు వేళలు: సొంత యాప్ మేలా, గూగుల్‌కి ఇవ్వడం మేలా, అందరికీ తెరవడం మేలా?

“ఆఖరి బస్సు వెళ్ళిపోయిందా అండీ?” రాత్రి తొమ్మిది దాటాక స్టాపులో నిలబడితే ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. జవాబు డిపోలో రాసే ఉంటుంది. ఏ సర్వీసు ఎన్నింటికి బయల్దేరాలో, ఎక్కడెక్కడ ఆగాలో అన్నీ చార్టులో ఉంటాయి. జనం డబ్బుతో నడిచే బస్సుల చార్టు జనం చేతికి ఎలా రావాలన్నదే ప్రశ్న. రవాణా సంస్థ సొంతంగా యాప్ చేసి ఇవ్వచ్చు. గూగుల్ లాంటి ఒక కంపెనీకి అప్పగించవచ్చు. లేదా డేటా ఫైళ్ళనే ఎవరైనా తీసుకునేలా బయట పెట్టవచ్చు.

ముందు యాప్ సంగతి. తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో ‘గమ్యం’ యాప్ తెచ్చింది. బస్సు ఎక్కడుందో అందులో చూసుకోవచ్చు. చీకటిపడ్డాక స్టాపులో ఒంటరిగా నిలబడిన ఆడపిల్లకి, ఇంకో పది నిమిషాల్లో బస్సు వస్తుందని తెలియడం ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఏ సంస్థ యాప్‌లోనైనా సమాచారాన్ని తెర మీద చూడగలం తప్ప, బయటికి తీసి ఇంకో పనికి వాడుకోలేం. బస్సు దిగి మెట్రో ఎక్కి, అక్కణ్ణుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకోవాలంటే మూడు చోట్ల వెతుక్కోవాలి. ప్రయాణికుడికి ఇంటి నుంచి ఆఫీసుకి ఒకటే ప్రయాణం కదా! పైగా స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్ళకి ఎంత మంచి యాప్ అయినా ఒకటే.

ఒక కంపెనీకి ఇవ్వడం సులువు. ఎక్కువమంది ఫోన్లలో గూగుల్ మ్యాప్స్ ముందే ఉంటుంది కాబట్టి ఎక్కువమందికి చేరుతుంది కూడా. కానీ ఏ ఊరికి ఏం చూపించాలో ఆ కంపెనీయే నిర్ణయిస్తుంది. పల్లెవెలుగు బస్సు వాళ్ళకి పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు.

మూడో దారికీ గూగుల్‌కీ సంబంధం ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ట్రైమెట్ అనే రవాణా సంస్థ ఉంది. అక్కడ పనిచేసే బిబియానా మెక్‌హ్యూకి పరాయి ఊళ్ళో కారు దారి ఇట్టే దొరికింది, బస్సు దారి మాత్రం దొరకలేదు. ఆ విసుగుతో ఆమె గూగుల్‌ని కదిలించారు. 2005లో ఇద్దరూ కలిసి బస్సు వేళలు రాసే ఒక పద్ధతి తయారుచేశారు. అదే జీటీఎఫ్ఎస్. మొదట్లో అందులోని ‘జీ’ అంటే గూగుల్. ప్రపంచమంతా వాడడం మొదలుపెట్టాక అది ‘జనరల్’ అయింది.

చూడ్డానికి అదొక జిప్ ఫైలు. లోపల మామూలు టెక్స్ట్ ఫైళ్ళు: స్టాపులకొకటి, రూట్లకొకటి, వేళలకొకటి. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటా పది నిమిషాలకి చేరే బస్సుని 25:10 అని రాస్తారు, ముందు రోజు సర్వీసే కాబట్టి. పేర్లని వేర్వేరు భాషల్లో ఇవ్వడానికి కూడా ఒక ఫైలుంది. అంటే స్టాపు పేరు తెలుగులో పెట్టడానికి సాంకేతికంగా ఏ అడ్డూ లేదు.

లండన్ ఈ దారినే వెళ్ళింది. అక్కడి రవాణా సంస్థ డేటాతో 600కి పైగా యాప్‌లు నడిచాయి. దానివల్ల నగరానికి ఏడాదికి 13 కోట్ల పౌండ్ల దాకా మేలు జరుగుతోందని 2017లో డెలాయిట్ అనే కన్సల్టెన్సీ సంస్థ లెక్కగట్టింది. మన దేశంలో కొచ్చి మెట్రో, ఢిల్లీ ప్రభుత్వం 2018లో డేటా తెరిచాయి. హైదరాబాద్ మెట్రో వేళలు కూడా తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఇదే పద్ధతిలో పెట్టారు.

దీనికీ ఒక పెద్ద లోపం ఉంది. వేళలు మారినా ఫైలు మార్చకపోతే, ఒకే తప్పు పది యాప్‌లలో కనిపిస్తుంది. అది నమ్మి వచ్చినవాళ్ళు రోడ్డు మీద మిగిలిపోతారు. అందుకే ఫైలు ఒకసారి పెట్టేసి ఊరుకుంటే కుదరదు, దాన్ని సరిచూసే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలి. ఆ జీతం దండగ కాదు.

భద్రత పేరు చెప్పి వెనకాడే రోజులూ పోయాయి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించింది. భారతీయ సంస్థలు మ్యాపులు చేసి ప్రచురించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదంది. సున్నితమైన కొన్ని వివరాలకే పరిమితులు ఉంచింది. బస్‌స్టాపు అలాంటిది కాదు.

నన్నడిగితే, సొంత యాప్, ఫైలు రెండూ ఒకేసారి చేయలేకపోతే ముందు ఫైలు బయట పెట్టాలి. ఫైలుంటే యాప్‌ని ఎవరైనా తయారుచేస్తారు. ఎవరో ఒక కాలేజీ కుర్రాడు, చూపులేనివాళ్ళు తెలుగులో విని తెలుసుకునేలా ఒక ఫోన్ సర్వీసు కూడా చేయగలడు. యాప్ ఒక్కటే ఇస్తే అతనికి ఆ అవకాశమే లేదు.

మొదలుపెట్టడానికి ఒక్క డిపో చాలు. పల్లె రూట్లున్న డిపో అయితే మరీ మంచిది, పల్లెవాళ్ళకే ఈ సమాచారం తక్కువ. స్టాపుల పేర్లు రాసేటప్పుడు మాత్రం కండక్టర్లని పక్కన కూర్చోబెట్టుకోవాలి. కాగితం మీద స్టాపుకి ఏ పేరున్నా, ఊరివాళ్ళు ‘చింతచెట్టు దగ్గర ఆపు’ అంటారని తెలిసింది కండక్టర్లకే.