సెరా గౌషా ద్రాక్ష పందిళ్ల కింద: మోస్కతెల్ కోసం నాలుగు రోజులు

బ్రెజిల్ దక్షిణ కొసన ఉన్న సెరా గౌషా కొండల్లో మోస్కతెల్ ద్రాక్షతో బుడగలొచ్చే తీపి వైన్ చేస్తారు. దాన్ని పుట్టిన చోటనే రుచి చూడాలని నేను, మా ఆవిడ, హైదరాబాదు నుంచి వచ్చిన మా బావగారు ఫిబ్రవరిలో వెళ్లాము. వైన్ ఎంత సంతోషపెట్టిందో, బస అంత బాధపెట్టింది.

సావో పాలో నుంచి పోర్తో అలెగ్రెకు విమానంలోను, అక్కడి నుంచి ఆ కొండల్లోని బెంతో గొన్సాల్వెస్ ఊరికి సుమారు 120 కిలోమీటర్లు కారులోను హాయిగా చేరుకున్నాము.

తోటల మధ్య ఒక కుటుంబం నడిపే బసలో మూడు నెలల ముందే గది ఖాయం చేసుకున్నాను. రాత్రికి 480 రియాళ్లు (బ్రెజిల్ డబ్బు), అందులోనే బావగారికి మూడో మంచం, ఉదయం ఫలహారం అని వాళ్లే రాసి పంపారు. తీరా వెళ్లాక, ఇది కార్నివాల్ వారం కాబట్టి మంచానికి రాత్రికి 120 చొప్పున అదనంగా కట్టాలన్నారు. వాళ్లు పంపిన సందేశాన్నే ఫోనులో చూపించాను. యజమానురాలు దాన్ని మొత్తం చదివి, "అది పాత ధర" అని ఫోను నా చేతిలో పెట్టింది. ఫోటోలో కిటికీ బయట ద్రాక్ష పందిరి కనిపించింది. మాకిచ్చిన గది కిటికీ తెరిస్తే వంటింటి పొగ లాగే ఫ్యాను ఎదురైంది, అది రాత్రి పదకొండున్నర దాకా మోగుతూనే ఉంది. ఏసీ నుంచి నీళ్లు కారి బావగారి పరుపు ఒక పక్కంతా తడిసిపోతే, వేరే పరుపు లేదని ఒక తువ్వాలు ఇచ్చారు. పండుగ వారం కావడంతో ఊళ్లో మరో గది దొరకలేదు. మూడు రాత్రులకు 360 రియాళ్లు అన్యాయంగా పోయాయి. ఆ బసను ఎంచింది నేనే కాబట్టి మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. బావగారు మాత్రం, "పోనీండి బావా, మనం వచ్చింది తోటలు చూడటానికి కదా" అని తువ్వాలు పరుచుకుని పడుకున్నారు.

మర్నాడు ఫహోపిల్యా అనే ఊరి తోటలకు వెళ్లగానే ఆయన ముఖం విప్పారింది. శామీర్‌పేట వైపు మా మామగారికి ఒకప్పుడు అనాబెషాహీ ద్రాక్షతోట ఉండేది. ఇక్కడా తీగలను అలాగే తలకు పైన పందిరి మీదికి పాకించారు, గుత్తులు ఆకుల కింద వేలాడుతున్నాయి. వరుసల చివర రాతి కూసాలకు బదులు కొన్నిచోట్ల ప్లాటనో చెట్లను పెంచి, పందిరి ఇనుప తీగలను వాటికే బిగించారు. బావగారు ఒక చెట్టు మొదట్లో తీగ కోసుకుపోయిన గాటును వేలితో తడిమి చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. 1875 నుంచి ఇటలీ నుంచి వలస వచ్చిన రైతు కుటుంబాలు వేసిన తోటలివి. ఫహోపిల్యా మోస్కతెల్ వైన్లకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చినట్టు.

ఈ వైన్‌ను ఇటలీలోని ఆస్తి అనే ఊరి పద్ధతిలో ఒకే పులియబెట్టుతో చేస్తారు. ద్రాక్షరసాన్ని మూతపెట్టిన ఉక్కు తొట్టిలో పులియనిచ్చి, తీపి ఇంకా మిగిలి ఉండగానే బాగా చల్లబరిచి, వడపోసి, పులియడం ఆపేస్తారు. బుడగలు పులిసేటప్పుడు పుట్టినవే, తీపి పండుదే. అందుకే ఆల్కహాలు 7 నుంచి 10 శాతం లోపే ఉంటుంది, గ్లాసు ముక్కు దగ్గరకు తెస్తే గులాబీ, పండిన ద్రాక్ష వాసన నిండుగా వస్తుంది. దీన్ని దాచుకోకుండా కొన్న ఏడాదిలోనే, బాగా చల్లగా తాగాలి.

గరిబాల్ది అనే ఊళ్లో ఒక చిన్న వైన్ తయారీశాలలో మనిషికి 45 రియాళ్లు కట్టి ఐదు రకాలు రుచి చూశాము, ఆ సొమ్మును మేము కొన్న సీసాల ధరలో తగ్గించారు. సీసా 58 రియాళ్లు. అంత మర్యాదగా, తొందరపెట్టకుండా చెప్పినవాళ్లను ఆ ప్రయాణంలో ఇంకెక్కడా చూడలేదు.

తిండి సంగతికొస్తే, ఆ ప్రాంతంలో పేరున్న గలేతో, అంటే నిప్పుల మీద కాల్చిన లేత కోడి, వేయించిన పొలెంతాతో (మొక్కజొన్న పిండి ముద్దతో) కలిపి మనిషికి 92 రియాళ్లకు వడ్డించినంత తిన్నాము. ఆ ఉప్పదనానికీ కొవ్వుకూ మోస్కతెల్ చక్కగా అమరింది. సగ్గుబియ్యాన్ని ఎర్ర వైన్‌లో ఉడికించి చేసే 'సగు' అనే తీపి వంటకంతో మాత్రం తాగకండి. సగు రుచిగానే ఉంటుంది కానీ, దాని ఎర్ర వైన్ వాసన ముందు మోస్కతెల్ పరిమళం చచ్చిపోతుంది. పిండిని పలచగా ఒత్తి వేయించి పంచదార చల్లే గ్రోస్తొలి నయం. అన్నిటికన్నా బాగా కుదిరింది మూడో రాత్రి. బావగారు పెట్టెలోంచి తీసిన కారప్పూసతో ఆ చల్లటి వైన్ తాగితే, నాలుక మీది మంటను తీపి సర్దేసింది, కారం వల్ల తీపి మొహం మొత్తలేదు. మా ఆవిడ, "అన్నయ్యా, ఇంకొంచెం పెట్టు" అంటూ రెండోసారి గ్లాసు చాపింది. ఫ్యాను మోత ఆ రాత్రి ఎవరమూ పట్టించుకోలేదు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పండ్ల కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది, ఆ రోజుల్లోనే వెళ్లండి, కానీ కార్నివాల్ వారం వద్దు; గది చూడకుండా డబ్బు కట్టకండి. తాగి బండి నడిపితే బ్రెజిల్ చట్టం ఒక్క గ్లాసును కూడా క్షమించదు, కాబట్టి రోజుకు 400 రియాళ్లయినా డ్రైవరున్న కారే తీసుకోండి.