2007 ఫోర్డ్ ముస్తాంగ్ జీటీ: పదివేల డాలర్ల లోపు ఒక రౌడీ బండి కోసం వెతికి వెతికి కొన్నా, ఏడాది తర్వాత రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది ఆఫీసుకెళ్ళే కారు రివ్యూ కాదు. ఆఫీసుకి క్యామ్రీ ఉంది, దాని పని అది చేస్కుంటది, టైముకి ఆయిల్ మారిస్తే చాలు, అది నన్నేం అడగదు నేను దాన్నేం అడగను. నాకు కావాల్సింది ఆదివారం బండి. పదివేల డాలర్లు దాటకూడదు, గేర్లు చేత్తో వెయ్యాలి, తోసేది వెనక చక్రాలే అవ్వాలి, స్టార్ట్ చేస్తే పక్కింటాయన కిటికీలోంచి ఓసారి తొంగి చూడాలి. కొంచెం రౌడీగా ఉండాలన్నమాట. నాలుగు నెలలు వెతికి, మా ఆవిడతో ఎన్ని మాటలు పడాలో అన్నీ పడి, చివరికి 2007 ముస్తాంగ్ జీటీ తెచ్చా. 1,18,000 మైళ్ళు తిరిగింది, 8,600 డాలర్లకి పడింది. ఉండేది డాలస్‌లో, ఇక్కడ రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి, మలుపు కావాలంటే హైవే ర్యాంపులే దిక్కు.

ఈ వెనక చక్రాల పిచ్చి అమెరికా వచ్చాక పట్టింది కాదు. చిన్నప్పుడు సెలవులకి తెనాలి పక్కన మా మామయ్యోళ్ళ ఊరు వెళ్ళేవాళ్ళం, ఆయనకి మహీంద్రా కమాండర్ జీపు ఉండేది, వర్షాకాలంలో పొలం డొంకలో ఆ నల్లరేగడి బురదలో పోతుంటే జీపు వెనక భాగం గేదె తోకలా అటూ ఇటూ ఊగేది, పిల్లలం వెనక బల్లల మీద కూర్చుని కడ్డీలు పట్టుకుని ఒకటే కేకలు. మామయ్య మాత్రం వెనక ఎటు జారితే స్టీరింగ్ అటే కాస్త తిప్పి, రేజు వదలకుండా లాగించేసేవాడు. "భయపడి కాలు తీశావంటే కాలవలో ఉంటాం రా" అనేవాడు. తర్వాత నేను నడిపినవన్నీ ముందు చక్రాలు లాగే బళ్ళే. మధ్యలో ఫ్రెండుగాడి మారుతి ఓమ్నీ ఒకటి, అదీ వెనక చక్రాలదే గానీ ఆ 796 సీసీ ఇంజినుకి టైరు జార్చేంత దమ్ము ఎక్కడిది.

సరే, ఇక్కడ ఈ రేటులో ఏం దొరుకుతాయంటే, ఎవర్నడిగినా మొదటి మాట మియాటా, మజ్దా వాళ్ళ గుడ్డ టాప్ చిన్న బండి. అబద్ధం కాదు. నేను చూసింది రెండో తరంది, 1.8 లీటర్ ఇంజిను, 140 హార్స్‌పవర్ చిల్లర, బండి బరువు దాదాపు 1,100 కేజీలే, గేరు మణికట్టు కదిపితే పడిపోద్ది, అంత ముద్దుగా ఉంటది. కానీ నేను ఆరడుగుల ఒక అంగుళం మనిషిని, టాప్ మూస్తే తల గుడ్డకి ఆనుతోంది, టాప్ తీస్తే టెక్సస్ ఎండకి మాడు పగుల్తోంది. పైగా సీట్లు రెండే. పాప సీటు ఎక్కడ పెడతావని మా ఆవిడ అడిగింది, నేను ఊరికే డిక్కీ వైపు చూశా, ఆ రోజుకి ఇంట్లో మాటల్లేవు. ఇంకోటి, మియాటా రౌడీ కాదు, క్లాసులో ఫస్టొచ్చే పిల్ల. పద్ధతిగా డ్రైవింగ్ నేర్చుకోవాలి అనుకుంటే కళ్ళు మూస్కుని అదే కొనండి.

2013 సైయాన్ (టొయోటా వాళ్ళదే ఆ బ్రాండు) ఎఫ్ఆర్-ఎస్ కూడా నడిపా, సుబారు బీఆర్‌జెడ్ అన్నా అదే బండి. 200 హార్స్‌పవర్. దీంట్లో నాకు నచ్చిన ముచ్చట ఏంటంటే, కంపెనీవాళ్ళు కావాలనే ప్రియస్ రకం సన్నటి మిషెలిన్ టైర్లు వేసి ఇచ్చారు, పట్టు తక్కువుంటే తక్కువ స్పీడులోనే వెనక జారుద్ది, అక్కడే సరదా మొదలవుద్ది అని. ఆలోచన బ్రహ్మాండం. కాకపోతే 3,000, 4,500 ఆర్‌పీఎంల మధ్య ఇంజిను కాసేపు కునుకు తీసినట్టు ఉంటది, శబ్దం కుట్టు మిషన్‌లా ఉంది, నేను చూసినవన్నీ బడ్జెట్ దాటిపోయాయి. పాత బీఎండబ్ల్యూ, ఆ ఈ46 బాడీవి, ఆరేడు వేలకే కనపడతాయి, చూసి ఆశపడ్డా. రేడియేటర్ చుట్టూ ప్లాస్టిక్ ముక్కలన్నీ వయసుకి పగుల్తాయి, వెనక ఇరుసు, సస్పెన్షన్ మోసే సబ్‌ఫ్రేమ్ పట్టుకునే చోట బాడీ రేకే చీలుద్ది. ఏనుగుని కొని అంకుశానికి బేరమాడే పని మనకెందుకని వదిలేశా.

అన్నిటికంటే చవకైన రౌడీ అంటే నిజానికి పోలీసోళ్ళు వాడి వేలం వేసిన క్రౌన్ విక్టోరియా. 4.6 లీటర్ వీ8, 250 హార్స్‌పవర్, లారీలా దిమ్మిసా ఛాసిస్, సోఫా లాంటి సీట్లు, తలుపు పక్కన స్పాట్‌లైట్ కూడా కొన్నిటికి అలాగే ఉంటది. మనసు బాగా లాగింది. గేర్‌బాక్స్ ఆటోమేటిక్ తప్ప రాదు, అది ఒక అడ్డం, రెండో అడ్డం మా ఆవిడ, "గుడికి పోలీసు బండిలో వెళ్దామా" అంది.

నిస్సాన్ 350జెడ్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే అక్కడ కొద్దిలో తప్పించుకున్నా. ఓ చిన్న సెకండ్‌హ్యాండ్ డీలర్ దగ్గర, పేరెందుకులే, ఎర్ర రంగు బండి, 287 హార్స్‌పవర్, కడిగి మైనం రాసి నిలబెట్టాడు, అప్పుడే షోరూంలోంచి తెచ్చినట్టుంది. "ఒకే ఓనర్, టీచర్ నడిపింది" అన్నాడు. నేను అదే లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, మొదటి గేరులో నడక స్పీడులో గుండ్రంగా ఒక చుట్టు తిప్పా. వెనక లోపలి టైరు కీచ్ కీచ్ మని గెంతుతోంది. అంటే డిఫరెన్షియల్ వెల్డ్ చేసేశారు! మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి, ఆ తేడా ఇవ్వడానికే డిఫరెన్షియల్ ఉండేది, డ్రిఫ్ట్ కొట్టే కుర్రాళ్ళు డబ్బులు మిగుల్తాయని దాన్ని కలిపి అతికించేస్తారు, రెండు చక్రాలూ ఒకటే లెక్కలో తిరుగుతాయి, అందుకే గెంతుద్ది. తర్వాత కిందకి వంగి చూస్తే వెనక టైర్ల లోపలి అంచు గుండులా నున్నగా ఉంది. ఏ టీచరో మరి, ఏం పాఠం చెప్పేదో. ఇంకో పని కూడా చేశా, బండి కంప్యూటర్‌లో ఉన్న లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టి చూశా, ఇరవై డాలర్లకి దొరుకుద్ది ఇది, రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షలు, చాలావరకు "నాట్ రెడీ" అని చూపించింది. బ్యాటరీ పీకినా, కోడ్‌లు చెరిపేసినా అలా వస్తది, చెక్ ఇంజిన్ లైటు ఆర్పి అమ్ముతున్నారేమో అని అనుమానించాల్సిందే. టెక్సస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసినా డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది, లైటు వెలిగితే ఫెయిలే. దండం పెట్టి వచ్చేశా.

ముస్తాంగ్ దొరికింది ఒక రిటైరైన పెద్దాయన దగ్గర. బండికి గీతలున్నాయి, డ్రైవర్ సీటు అంచు చిరిగింది, కానీ బిల్లులన్నీ ఒక ఫైలులో తేదీల వారీగా పెట్టుకున్నాడు. నేను బండి కంటే ముందు ఆ ఫైలుకి పడిపోయా. ఇంజిను 4.6 వీ8, 300 హార్స్‌పవర్, అయిదు గేర్లు. చలికాలం పొద్దున తాళం తిప్పితే ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక గర్జన, ఆ తర్వాత దబదబ దబదబ అని ఒక లయలో పడుద్ది, నిలబడున్నా సీటు కింద సన్నగా వణుకు. టార్క్, అంటే ఇంజిను తిప్పే బలం, తక్కువ ఆర్‌పీఎం నుంచే ఉంటది కాబట్టి రెండో గేరులో నత్తలా పోతున్నప్పుడు కూడా కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోద్ది. క్లచ్ బరువే, ట్రాఫిక్‌లో అరగంటకి ఎడమ మోకాలు పలకరిస్తది. గేర్ రాడ్డు మియాటాలా కాదు, చేదబావి గిలకలా కాస్త బలం పెట్టి లాగాలి. లోపల డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ మరీ ఫుడ్ కోర్టు ట్రే లాంటిది, చెయ్యి వేస్తే డొల్లగా మోగుద్ది, దాని గురించి గొప్పలు ఏం లేవు.

వెనక భాగం సంగతి అసలు. ఈ మోడల్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ లేదు, లారీలకి ఉన్నట్టు ఒకే ఇరుసు. నున్నటి రోడ్డు మీద ఏం తేడా తెలీదు, మలుపు మధ్యలో గుంత వస్తే మాత్రం ఒక చక్రం దెబ్బ రెండో చక్రానికి కూడా తగిలి వెనక మొత్తం పక్కకి ఒక గెంతు గెంతుద్ది. కొందరికి ఇది తప్పులా ఉంటది. నాకైతే జీపు గుర్తొస్తది. చక్రాలు ఊరికే గిర్రున తిరక్కుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, బటన్ నొక్కితే పోద్ది, కానీ కారు తిరగబోతుంటే తనంతట తను బ్రేకేసి కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ 2010 మోడల్ నుంచే వచ్చింది, దీంట్లో లేదు, మన తప్పుకి మనమే బాధ్యులం.

ఆ తప్పు చేశా కూడా. కొన్న మూడో వారం, చాలా రోజుల ఎండ తర్వాత మొదటి వాన, రోడ్డు మీద నూనె తేలి జిడ్డుగా ఉంది, ర్యాంపు మీద రెండో గేరులో, స్పీడు పాతిక మైళ్ళకి మించి లేదు, సరదాగా కొంచెం ఎక్కువ నొక్కా, వెనక నెమ్మదిగా జారడం మొదలైంది. అక్కడ కాలు అలాగే ఉంచి స్టీరింగ్ సర్దుకుని ఉంటే కథ వేరు. నేనేం చేశానంటే ఠక్కున కాలు తీసేశా. కాలు తీస్తే బరువంతా ముందుకి పోయి వెనక ఇంకా తేలికైపోద్ది, ఉన్న పట్టు కూడా పోద్ది, బండి బొంగరంలా తిరిగి వచ్చిన దారికే మొహం పెట్టి ఆగింది. వెనక ఎవరూ లేరు కాబట్టి బతికిపోయా. వైపర్లు టక్ టక్ అని తిరుగుతున్నాయి, నా చేతులు స్టీరింగ్ వదలట్లేదు, మామయ్య మాట అప్పుడు అర్థమైంది, ముప్పై ఏళ్ళ తర్వాత, డాలస్‌లో.

ఆ తర్వాత రోడ్డు మీద వేషాలు మానేసి ఆటోక్రాస్‌కి వెళ్తున్నా. ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు వాళ్ళు పెద్ద పార్కింగ్ లాట్‌లో ఆరెంజ్ కోన్‌లు పెట్టి దారి గీస్తారు, ఒక్కొక్కళ్ళే వెళ్ళాలి, నిమిషం చుట్టు, కోన్ పడగొడితే రెండు సెకన్లు పెనాల్టీ, మనవంతు అయ్యాక ఎండలో నిలబడి మిగతావాళ్ళు పడగొట్టిన కోన్‌లు మనమే ఎత్తి పెట్టాలి. నేను మొదటి రోజు ఏడు పడగొట్టా. ఒక కోన్ బండి కిందే ఇరుక్కుని ఫినిష్ దాకా నాతోనే వచ్చింది. పాత మియాటాలో ఒక ముసలాయన నాకంటే ఆరు సెకన్లు తక్కువలో తిరిగొచ్చాడు, నా ఇంజినులో సగం కూడా లేదు ఆయనకి. అయినా జారితే ఎలా ఉంటదో, ఎక్కడ ఆపాలో, నష్టం లేకుండా తెలిసేది అక్కడే. వీసా మీదున్న మనోళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా, అర్ధరాత్రి పార్కింగ్ లాట్‌లో డోనట్లు కొట్టి, అంటే బండిని ఉన్నచోటే గుండ్రంగా జార్చి తిప్పి, దొరికితే అది చలాన్‌తో పోయేది కాదు, క్రిమినల్ కేసు అవ్వచ్చు, వీసా స్టాంపింగ్ అప్పుడు ఆ కథంతా చెప్పుకోవాలి.

ఖర్చులంటారా. మామూలు 87 ఆక్టేన్ పెట్రోలే తాగుద్ది, ప్రీమియం అక్కర్లేదు, నాకు గ్యాలన్‌కి 17 మైళ్ళు వస్తోంది, హైవే మీద బుద్ధిగా వెళ్తే ఇంకొంచెం. వెనక టైర్లు 11,000 మైళ్ళకే అరిగిపోయాయి, ముందువి ఇంకా కొత్తవాటిలా ఉన్నాయి, ఇది బండి తప్పు కాదు, నా కుడికాలు తప్పు. డిఫరెన్షియల్ లిమిటెడ్ స్లిప్ రకం, అంటే ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా పట్టి ఉంచేది, దాని నూనె మార్చినప్పుడు అందులో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిపారో లేదో అడగండి, లేకపోతే మలుపుల్లో గరగరలాడుద్ది. కొనేముందు బండికి ఉండే వీఐఎన్ నంబర్ ఎన్‌హెచ్‌టీఎస్ఏ (అమెరికా రోడ్డు భద్రత సంస్థ) సైటులో కొట్టి చూడండి, తకాటా కంపెనీ లోపమున్న ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో ఈ మోడళ్ళు ఉన్నాయి, మార్చకపోతే డీలర్ ఫ్రీగా మార్చాలి. ప్యాసింజర్ వైపు కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, విండ్‌షీల్డ్ కింద ఆకులు అడ్డం పడితే నీళ్ళు లోపలికి దిగుతాయి. పాప వెనక సీట్లో బూస్టర్ వేసుకుని కూర్చుంటది, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు దానికి సరిపోద్ది గానీ పెద్దోళ్ళని ఎక్కించకండి, మా అత్తగారు ఒకసారి ఎక్కారు, దింపడానికి ఇద్దరం కావాల్సొచ్చింది.

ఇంక ప్లగ్గుల విషయం. 2005 నుంచి 2008 మొదట్లో వరకు వచ్చిన ఈ 4.6 ఇంజినులో స్పార్క్ ప్లగ్ రెండు ముక్కల డిజైను, కింద కొస మసి పట్టి హెడ్‌లో బిగుసుకుపోద్ది, తొందరపడి తిప్పితే పై ముక్క చేతికొస్తది, కింది ముక్క లోపలే ఉండిపోద్ది. దాన్ని తీయడానికి వేరే టూలే అమ్ముతారు, అంత పేరున్న రోగం. కొంచెం వదులు చేసి, కార్బ్యురేటర్ క్లీనర్ పోసి నానబెట్టి, ఓపిగ్గా తియ్యాలి. నా బండికి పెద్దాయన ముందే ఒకే ముక్క ప్లగ్గులు వేయించాడు, బిల్లు ఆ ఫైలులోనే ఉంది. మీరు చూసే బండికి బిల్లు లేకపోతే పాత ప్లగ్గులే ఉన్నాయని లెక్కేసుకుని, ఎనిమిది ప్లగ్గుల పని కూలీతో సహా ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.